ఇవాళ పీల్చిన దుమ్ము, ఇరవై ఏళ్ళకు వచ్చే ఆయాసం: ఇండస్ట్రియల్ హైజీన్‌లోకి రావాలనుకుంటే

పనిచోట పైనుంచి ఇనుప రాడ్డు జారి ఒకరి భుజం విరిగితే ఐదు నిమిషాల్లో మేనేజరుతో సహా అందరూ అక్కడ పోగవుతారు. ఫోటోలు తీస్తారు, రిపోర్టు రాస్తారు, వారం తిరిగేలోపు అలాంటి రాడ్డు మళ్ళీ పడకుండా ఏదో ఒక ఏర్పాటు చేస్తారు. అదే షెడ్డులో ఇంకో మూల పదేళ్ళుగా రాయి కోస్తూ ఆ దుమ్ము పీలుస్తున్న మనిషి చుట్టూ మాత్రం ఎవరూ పోగవ్వరు. చూడ్డానికి అక్కడ ఏమీ ఉండదు మరి. మనిషి బాగానే ఉన్నాడు, తింటున్నాడు, రోజూ పనికొస్తున్నాడు. మెట్లెక్కితే ఆయాసం మొదలయ్యేనాటికి అతను ఆ ఉద్యోగం మానేసి ఉంటాడు, సూపర్‌వైజరు మారిపోయి ఉంటాడు, ఒక్కోసారి ఆ కంపెనీయే మూతపడి ఉంటుంది.

ఈ రెండో మనిషి కోసం పుట్టిన వృత్తి ఇండస్ట్రియల్ హైజీన్. బ్రిటన్‌లోనూ మరికొన్ని దేశాల్లోనూ దీన్నే ఆక్యుపేషనల్ హైజీన్ అంటారు. హైజీన్ అనగానే చేతులు కడుక్కోవడం, బాత్రూములు శుభ్రంగా ఉంచడం గుర్తొస్తాయి కాబట్టి ఆ పేరు వల్ల ఈ వృత్తికి ఒరిగిందేమీ లేదు. పనిచోట గాలిలో, చప్పుడులో, వేడిలో, చేతికంటే రసాయనాల్లో జబ్బు తెచ్చేది ఏముందో ముందే ఊహించడం, గుర్తించడం, ఎంత ఉందో కొలవడం, దాన్ని తగ్గించడం ఇందులో పని. డాక్టరు జబ్బుపడ్డ మనిషిని చూస్తే, హైజీనిస్టు ఆ మనిషి ఇంకా బాగున్నప్పుడే అతను పీల్చే గాలిని చూస్తాడు.

ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్ళు మామూలుగా అడిగేవి ఏ డిగ్రీ చదవాలి, ఏ సర్టిఫికెట్ చేయాలి, జీతం ఎలా ఉంటుంది అని. అడగాల్సినవే, డిగ్రీ, సర్టిఫికెట్ల సంగతీ చూద్దాం. కానీ కారణానికీ జబ్బుకీ మధ్య పదేళ్ళో ఇరవై ఏళ్ళో ఎడం ఉంటుంది చూశారూ, ఈ వృత్తిలో ఏది నేర్చుకోవాలో, ఎందుకు నేర్చుకోవాలో తేల్చేది ఆ ఎడమే. అది అర్థం కాకుండా పరికరాలూ కోర్సులూ ఎన్ని పోగేసుకున్నా వచ్చే పని అంకెలు నింపడం దగ్గరే ఆగిపోతుంది.

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో కార్మికుల జబ్బుల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. రోగిని డాక్టర్లు అడిగే ప్రశ్నలకు ఇంకొకటి కలపమన్నాడు: నువ్వు ఏం పని చేస్తావు? 1775లో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్, పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్ళకు వృషణాల తిత్తి చర్మం మీద వచ్చే క్యాన్సర్‌కి మసి కారణమని గుర్తించాడు. పసితనంలో ఆ ఇరుకు గొట్టాల్లోకి దూరిన పిల్లలకు పెద్దయ్యాక వచ్చిన జబ్బది. మసి అంటిన ఏళ్ళకూ పుండు పుట్టిన ఏళ్ళకూ మధ్య ఒక జీవితంలో సగం గడిచిపోయింది.

ఇంకాస్త దగ్గరి కాలానికి వస్తే, 1974 జనవరిలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో పీవీసీ తయారుచేసే ఒక ప్లాంటు కార్మికుల్లో లివర్‌కు వచ్చే యాంజియోసార్కోమా అనే క్యాన్సర్ బయటపడింది. అప్పటిదాకా వినైల్ క్లోరైడ్ గాలిలో 500 పీపీఎం (పది లక్షల భాగాల గాలికి 500 భాగాలు) వరకూ పర్వాలేదన్నారు. అదే ఏడాది ఆ పరిమితిని 1 పీపీఎంకి దించుతూ నిబంధన వచ్చింది. ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. ఆ క్యాన్సర్ చాలా చాలా అరుదు కాబట్టి ఒకే ప్లాంటులో కొద్దిమందికి రాగానే ఎవరికో అనుమానం తగిలింది. అదే వినైల్ క్లోరైడ్ మామూలు ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చేదై ఉంటే? సిగరెట్ల వల్ల అనుకుని వదిలేసేవాళ్ళు. జబ్బులు వచ్చాక లెక్కపెట్టి నేర్చుకుందామనుకుంటే, లెక్కకు అందేవి మనకు కనిపించే వింత జబ్బులు మాత్రమే.

అందుకే గాలిని కొలుస్తారు. కొలిచాక దేనితో పోల్చాలి? పరిమితులతో. కొత్తగా వచ్చినవాళ్ళు మొదట తడబడేది ఇక్కడే, ఎందుకంటే ఒకే పదార్థానికి పరిమితి ఒకటి ఉండదు. అమెరికానే తీసుకుంటే, కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా పెట్టేవి చట్టబద్ధమైన పరిమితులు, దాటితే చర్య ఉంటుంది. 1938లో మొదలైన ఏసీజీఐహెచ్ అనే నిపుణుల సంఘం ప్రకటించే టీఎల్‌వీలు అనే పరిమితులు సలహాలు, వాటికవే చట్టం కావు. నియోష్ అనే పరిశోధనా సంస్థ సిఫార్సులు మళ్ళీ వేరు. రాయిలో, ఇసుకలో ఉండే సిలికా ధూళిలో ఊపిరితిత్తుల లోతుకు వెళ్ళేదానికి ఓషా 2016లో తెచ్చిన పరిమితి ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములు, ఏసీజీఐహెచ్ చెప్పేది అందులో సగం, 25. పెయింట్లలో ద్రావకంగా వాడే టోలుయీన్ విషయంలో తేడా పది రెట్లు: ఓషాకి 200 పీపీఎం, టీఎల్‌వీ 20. ఓషా పరిమితుల్లో చాలా భాగం 1960ల చివరి టీఎల్‌వీల నుంచి తీసుకున్నవి, ఆ తర్వాత విజ్ఞానం ముందుకెళ్ళింది, చట్టం అక్కడే ఉండిపోయింది.

చప్పుడు సంగతైతే మరీ విచిత్రం. 100 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎంతసేపు పనిచేయొచ్చు? ఓషా లెక్క 90 డెసిబెల్స్, ఎనిమిది గంటల దగ్గర మొదలై, ప్రతి 5 డెసిబెల్స్‌కి సమయాన్ని సగం చేస్తుంది కాబట్టి రెండు గంటలు వస్తుంది. నియోష్ 85 దగ్గర మొదలుపెట్టి ప్రతి 3 డెసిబెల్స్‌కీ సగం చేస్తుంది, దాని ప్రకారం పావుగంట. ఒకే మిషన్, ఒకే చెవి. చట్టం ప్రకారం అంతా సరిగ్గా ఉందని రిపోర్టు రాసి సంతకం పెట్టగలరు, ఆ చెవి మాత్రం పోతుంది. ఈ రెండు అంకెల మధ్య నిలబడి ఏం చెప్పాలో తేల్చుకోవడం ఉద్యోగంలో చేరాక వారానికొకసారి ఎదురయ్యే సమస్య, చదివేటప్పుడే దానికి అలవాటు పడితే మంచిది.

ఇక డిగ్రీ మాట. కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ, ఇంజనీరింగ్, పబ్లిక్ హెల్త్, వీటిలో దేన్నుంచైనా రావచ్చు, వచ్చినవాళ్ళు ఉన్నారు. చాలా దేశాల్లో దీనికి ప్రత్యేకంగా మాస్టర్స్ కోర్సులున్నాయి, ఎక్కువగా పబ్లిక్ హెల్త్ విభాగాల్లో నడుస్తాయి. టాక్సికాలజీ, ఫిజియాలజీ, ఎపిడెమియాలజీ, శాంప్లింగ్, వెంటిలేషన్, ఇవి సిలబస్‌లో ఎలాగూ ఉంటాయి. విద్యార్థులు చిన్నచూపు చూసి తర్వాత బాధపడేవి మాత్రం రెండు: స్టాటిస్టిక్స్, వెంటిలేషన్.

స్టాటిస్టిక్స్ ఎందుకంటే, ఒకే మనిషి ఒకే మిషన్ దగ్గర సోమవారం పీల్చిన దుమ్మూ మంగళవారం పీల్చిన దుమ్మూ మూడు నాలుగు రెట్లు తేడా ఉండటం మామూలే. ఆర్డరు ఎక్కువ వచ్చింది, కిటికీ మూశారు, రాయి మారింది, తడిపే నీళ్ళ పైపు సగం పూడుకుంది, ఏదైనా కావచ్చు. పైగా ఈ అంకెలు సగటుకు అటూ ఇటూ సమానంగా పరుచుకోవు. ఎక్కువ రోజులు తక్కువగా ఉండి, కొద్ది రోజులు బాగా ఎగబాకుతాయి, దీన్ని లాగ్‌నార్మల్ అంటారు. అలాంటప్పుడు ఒక్క రోజు కొలిచి పరిమితికి కింద వచ్చింది కాబట్టి అంతా బాగుంది అనడం, వానాకాలంలో ఎండ కాసిన ఒక్క రోజు చూసి గొడుగు పారేయడం లాంటిది. యూరప్ ప్రమాణం ఈఎన్ 689, 2018 నాటి రూపంలో, ఒకే రకం పని చేసే బృందంలో మూడు కొలతలు మాత్రమే తీస్తే మూడూ పరిమితిలో పదో వంతు కంటే తక్కువ ఉంటేనే ప్రాథమికంగా సరే అంటుంది. నాలుగు తీస్తే 15 శాతం, ఐదైతే 20 శాతం. కొలతలు తగ్గేకొద్దీ జాగ్రత్త ఎందుకు పెరగాలో ఈ మెట్లు చూస్తేనే తెలిసిపోతుంది. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే ఇంటర్వ్యూలో సగం మంది కంటే ముందుంటారు.

వెంటిలేషన్ ఎందుకో తెలియాలంటే ఒక దీపం చాలు. మూరెడు దూరం నుంచి ఊదితే ఆరిపోతుంది. అదే దూరంలో నోరు తెరిచి గాలి లోపలికి లాగి ఆర్పడానికి ప్రయత్నించండి, మంట కదలను కూడా కదలదు. ఊదిన గాలి ఒక దారిలో దూరం పోతుంది, లాగిన గాలి అన్ని వైపుల నుంచీ వచ్చి చేరుతుంది కాబట్టి గొట్టం మూతి దాటగానే బలం పోతుంది. గొట్టం వ్యాసమంత దూరం వెళ్ళేసరికే వేగం మూతి దగ్గరున్న దాంట్లో ఇంచుమించు పదో వంతుకు పడిపోతుంది. వెల్డింగ్ చేసే చోట ఎగ్జాస్ట్ గొట్టం ఉందని చూపిస్తారు, అది మంటకు అడుగున్నర దూరంలో వేలాడుతుంటుంది, పొగ దర్జాగా వెల్డరు ముఖం మీదుగా పైకి పోతుంటుంది. చెక్‌లిస్టులో మాత్రం ఎగ్జాస్ట్ ఉంది అని టిక్కు పడుతుంది.

ఒక శాంప్లింగ్ రోజు ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూస్తే ఈ పని స్వభావం ఇంకా తెలుస్తుంది. షిఫ్టు ఉదయం 6 గంటలకైతే హైజీనిస్టు 5 గంటలకే అక్కడుండాలి. అరచేతిలో పట్టే పంపులు ఒక్కొక్కటీ తీసి, ఆ రోజు వాడబోయే ఫిల్టరూ సైక్లోనూ తగిలించి ఉండగానే, నిమిషానికి 2.5 లీటర్ల గాలి లాగుతోందో లేదో క్యాలిబ్రేటరుతో సరిచూసి అంకె రాసుకోవాలి. సైక్లోన్ అనేది ఒక చిన్న పరికరం, గాలిని లోపల సుడి తిప్పి, ముక్కులోనో గొంతులోనో ఆగిపోయే పెద్ద రేణువులను అడుగునున్న చిన్న డబ్బీలో పడేసి, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళే సన్నటి ధూళిని మాత్రం పైనున్న 37 మిల్లీమీటర్ల ఫిల్టరు మీదికి పంపిస్తుంది. పంపు నడుం బెల్టుకి, గొట్టం వీపు మీదుగా భుజం దాటి, ఫిల్టరు కాలరు దగ్గర, ముక్కుకీ నోటికీ 30 సెంటీమీటర్ల లోపు. ఎనిమిది గంటలయ్యాక తీసేటప్పుడు ఆ సైక్లోన్ తలకిందులైందా, డబ్బీలో పడ్డ పెద్ద రేణువులు ఫిల్టరు మీదికి జారతాయి, ఆ శాంపిల్ ఇక చెత్తబుట్టకే. కార్మికుడు సరదాగా పంపు తీసి టేబుల్ మీద పెట్టినా, కూల్‌డ్రింక్ తాగుతూ గొట్టం మడతపెట్టినా అంతే. అందుకే రోజంతా కళ్ళు వాటి మీదే ఉంచాలి, అడిగినప్పుడల్లా ఇదేంటి, దీంతో ఏం తెలుస్తుంది, నా మాటలు రికార్డు చేస్తోందా అనే ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఆఖరి అనుమానం ఎవరికో ఒకరికి తప్పకుండా వస్తుంది.

సాయంత్రం పంపును మళ్ళీ సరిచూడాలి. పొద్దున్న అంకెకీ సాయంత్రం అంకెకీ 5 శాతం మించి తేడా వస్తే ఆ శాంపిల్‌ని మామూలుగా నమ్మరు. సరిగ్గా ఉందనుకుందాం. నిమిషానికి 2.5 లీటర్లు, 480 నిమిషాలు, అంటే 1200 లీటర్లు, అంటే 1.2 ఘనపు మీటర్లు. ల్యాబ్ నుంచి ఫిల్టరు మీద 60 మైక్రోగ్రాముల సిలికా ఉందని వచ్చింది. 60ని 1.2తో భాగిస్తే 50, సరిగ్గా ఓషా గీత మీద. ఆ 60 మైక్రోగ్రాములు ఎంతో ఊహించుకోవాలంటే, ఒక్క ఉప్పు రేణువు బరువు ఇంచుమించు అంత ఉంటుంది. రోజంతా పంపు లాగిన గాలిలో ఒక ఉప్పు రేణువంత. దుమ్ము కళ్ళకు కనిపించట్లేదు కదా, ఏం కాదు అనేవాళ్ళకు చెప్పడానికి దీనికంటే మంచి లెక్క దొరకదు.

సగటు అంకె కూడా పూర్తి కథ చెప్పదు. ఒక ఊహాజనిత లెక్క: ఎనిమిది గంటల షిఫ్టులో అరగంట పాటు ఘనపు మీటరుకు 8 మిల్లీగ్రాముల ధూళి, మిగతా ఏడున్నర గంటలు 0.1 మాత్రమే. సగటు దాదాపు 0.6 వస్తుంది. రిపోర్టులో కనిపించేది అదే. కానీ ఆ రోజు పీల్చినదాంట్లో 84 శాతం ఆ అరగంటలోదే. ఆ అరగంటలో ఏం జరిగింది? పౌడరు సంచులు తొట్టిలో పోసే పని తీసుకోండి. తొట్టి మీద ఎగ్జాస్ట్ ఉంది, పోసేటప్పుడు లేచే దుమ్మును అది చాలావరకు లాగేస్తోంది, చూసినవాళ్ళు బాగుందనుకుంటారు. పోయడం అయ్యాక కార్మికుడు ఖాళీ సంచిని పక్కకు తీసుకొచ్చి, ఛాతీకి ఆనించి, గాలి పోయేలా రెండు చేతులా ఒత్తి మడుస్తాడు. అప్పుడు సంచిలో మిగిలిన పొడి బుస్సుమని నేరుగా ముఖం మీదికి వస్తుంది. మనిషి మెడలో అప్పటికప్పుడు అంకె చూపే మీటరు వేసి, పక్కనే వీడియో తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ గీత ఎక్కడ నిటారుగా లేస్తుందో కనిపిస్తుంది. మిషన్ మార్చక్కర్లేదు, మాస్కుల మీద ఖర్చు పెంచక్కర్లేదు, ఖాళీ సంచిని మడిచే చోటుని కూడా ఎగ్జాస్ట్ కిందికి తెస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది. ఇది ఏ పుస్తకమూ ముందుగా చెప్పదు, ఆ పక్కన గంటసేపు నిలబడి చేతులు ఎటు కదులుతున్నాయో చూసినవాళ్ళకే దొరుకుతుంది.

అందుకే ఈ వృత్తికి సిద్ధపడటం కాలేజీ సీటుతోనే మొదలవ్వాలనేం లేదు. ఎక్కడ ఎవరు ఏ పని చేస్తున్నా, దుమ్ము ఎక్కడ పుడుతోంది, ఎటు పోతోంది, మనిషి ముఖం ఎక్కడుంది అని చూసే అలవాటు ఉచితం. ఐఫోన్‌లో నియోష్ వాళ్ళ సౌండ్ లెవల్ మీటర్ యాప్ ఉచితం, దాంతో ఒక గదిలో చప్పుడు ఎక్కడ ఎంతుందో పటం గీసి చూడొచ్చు. రెండు మిషన్లు చెరో 85 డెసిబెల్స్ చేస్తుంటే కలిపి 170 కాదు, 88 అని పుస్తకంలో చదవడం వేరు, చెవిన పడుతుండగా స్క్రీన్ మీద చూడటం వేరు. ప్రమాదకర రసాయనాల మీద నియోష్ పాకెట్ గైడ్, శాంప్లింగ్ పద్ధతుల మాన్యువల్, ఫ్యాక్టరీలకు వెళ్ళి ఆరోగ్య సమస్యలు పరిశోధించి రాసిన హెల్త్ హజార్డ్ ఇవాల్యుయేషన్ నివేదికలు, ఇవన్నీ ఆన్‌లైన్‌లో డబ్బు కట్టకుండా దొరుకుతాయి. ముఖ్యంగా ఈ నివేదికలు వారానికొకటి చదివితే ఏ కోర్సూ ఇవ్వలేని పట్టు వస్తుంది. ఏం అనుమానించారు, ఏం కొలిచారు, ఎందుకు అదే కొలిచారు, చివరికి ఏం మార్చమన్నారు, అన్నీ ఒకే చోట ఉంటాయి.

2000లో మిస్సోరీ రాష్ట్రంలో ఒక మైక్రోవేవ్ పాప్‌కార్న్ ప్లాంటులో పనిచేసి మానేసిన ఎనిమిది మందికి ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు పూడుకుపోయే అరుదైన జబ్బు వచ్చినట్టు తేలింది. నియోష్ వెళ్ళి చూస్తే దారి వెన్న వాసన ఇచ్చే ఫ్లేవరింగ్‌లోని డైఅసిటైల్ దగ్గరికి వెళ్ళింది. తినే పదార్థమే. తినడానికి పనికొచ్చేదైతే పీల్చినా ఏం కాదులే అన్న ఊహ ఎంత ప్రమాదమో ఆ కేసు చూపించింది. మళ్ళీ గమనించండి, ఇక్కడా జబ్బు అరుదైనది కాబట్టే దొరికింది.

రసాయనంతో పాటు దాన్ని అమ్మేవాళ్ళు ఇచ్చే సేఫ్టీ డేటా షీట్ చదవడం కూడా ఇలాగే ఇంట్లో కూర్చుని నేర్చుకోగలిగినదే. పదహారు విభాగాలుంటాయి, చాలామంది మొదటి రెండూ చూసి మూసేస్తారు. 8వ విభాగంలో పరిమితులు, 9వ దాంట్లో ఆవిరి పీడనం లాంటి భౌతిక గుణాలు ఉంటాయి. టోలుయీన్ ఆవిరి పీడనం 20 డిగ్రీల దగ్గర సుమారు 21 మిల్లీమీటర్లు. దాన్ని మామూలు గాలి పీడనమైన 760తో భాగించి పది లక్షలతో గుణిస్తే మూసిన డబ్బాలో ద్రవం పైనున్న గాలిలో దాదాపు 27,600 పీపీఎం ఉండగలదని తెలుస్తుంది. టీఎల్‌వీ ఎంత? 20. డబ్బా మూత తెరిచి అందులోకి వంగి చూసే పని ఎవరికైనా ఉందా అని అడగాల్సిన అవసరం ఏ పరికరమూ పట్టుకోకముందే కాగితం మీదే తేలిపోయింది.

ముక్కును మాత్రం నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్ళిన గుడ్ల వాసన కొడుతుంది, కానీ 100 పీపీఎం ప్రాంతానికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోయి వాసన తెలియడం ఆగిపోతుంది. వాసన పోయింది, అంటే గ్యాస్ పోయిందనుకునే మనిషి నిజానికి చావుకు దగ్గరవుతున్నాడు. చౌకగా దొరికే దుమ్ము సెన్సర్ల విషయంలోనూ జాగ్రత్తే. గాలిలో రేణువుల మీద వెలుగు ఎంత చెదిరిందో అవి చూస్తాయి గానీ, ఆ రేణువు పిండిదో సిలికాదో వాటికి తెలియదు.

సర్టిఫికెట్ల సంగతి త్వరగా. ఎక్కువ గుర్తింపున్నది సీఐహెచ్, అంటే సర్టిఫైడ్ ఇండస్ట్రియల్ హైజీనిస్ట్. 1960లో మొదలైన అమెరికా బోర్డు దీన్ని ఇస్తుంది. డిగ్రీ, ఈ రంగంలో నిర్ణీత గంటల చదువు, నాలుగేళ్ళ అనుభవం ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు, 180 ప్రశ్నలు, ఐదు గంటలు. కాబట్టి చదువైపోగానే సీఐహెచ్ తెచ్చుకుందామని టెన్షన్ పడక్కర్లేదు, ఎలాగూ కుదరదు. మొదట్లో పనికొచ్చేది ఓహెచ్‌టీఏ అనే శిక్షణ సంఘం మాడ్యూళ్ళు. రసాయనాలు కొలవడం, చప్పుడు, వేడి, ఆస్బెస్టాస్, కంట్రోల్స్, ఇలా ఒక్కో విషయానికి ఒక్కో కోర్సు ఉంటుంది. పరీక్షకు ఫీజు కట్టాలి గానీ ఆ మాన్యువళ్ళను ఎవరైనా ఉచితంగా దించుకుని చదువుకోవచ్చు, అవి బాగున్నాయి కూడా.

ఉద్యోగాలు వెతికేటప్పుడు ఇండస్ట్రియల్ హైజీనిస్ట్ అన్న పేరుతో కొద్దిగానే కనిపిస్తాయి, ఎక్కువ భాగం ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) అన్న గొడుగు కింద ఉంటాయి. ఆయిల్ రిఫైనరీలు, గనులు, మందుల తయారీ, లోహాల కర్మాగారాలు, కన్సల్టెన్సీలు, బీమా సంస్థలు, ప్రభుత్వ తనిఖీ విభాగాలు, ల్యాబులు, సైన్యం, అన్నిచోట్లా ఉన్నాయి. చిక్కేమిటంటే చాలా ఈహెచ్ఎస్ ఉద్యోగాల్లో పని తొంభై పాళ్ళు సేఫ్టీయే, హైజీన్ ఏడాదికోసారి బయటి కన్సల్టెంటుని పిలిపించడం వరకే. చేరేముందే తెలుసుకోవాలంటే ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు అడిగి చూడండి: మీ దగ్గర సొంత శాంప్లింగ్ పంపులున్నాయా, గత సర్వే రిపోర్టు చూసి ఏం మార్చారు? రెండోదానికి జవాబు చెప్పడానికి అవతలివాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుంటే విషయం తెలిసిపోయినట్టే. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి మూడేళ్ళు కన్సల్టెన్సీ మేలు. ప్రయాణాలు, తెల్లవారుజాము షిఫ్టులు నడుం విరగ్గొడతాయి, కానీ ఒక్క ఏడాదిలో ఇరవై రకాల పనులు కళ్ళారా చూడొచ్చు.

కంట్రోల్స్, అంటే ప్రమాదాన్ని తగ్గించే మార్గాల క్రమం ఈ రంగంలో అందరికీ నోటికొచ్చినదే, ప్రమాదకరమైనదాన్ని తీసేయడం, బదులుగా ఇంకోటి వాడటం, ఇంజనీరింగ్ మార్పులు, పనిచేసే పద్ధతులు, అన్నిటికంటే చివర మాస్కులు. అమలు మాత్రం తలకిందులుగా జరుగుతుంది, ఎందుకంటే మాస్కు రేపే కొనొచ్చు. గడ్డం ఉన్న ముఖానికి బిగుతుగా కూర్చోవాల్సిన మాస్కు అసలు అతుక్కోదని, ముఖానికి సరిగ్గా అతుక్కుందో లేదో చూసే ఫిట్ టెస్ట్ చేయకుండా ఇచ్చిన మాస్కు ధైర్యం మాత్రమే ఇస్తుందని చెప్పి, అసలు మార్పుకి డబ్బు పెట్టించడం హైజీనిస్టు పనిలో కష్టమైన భాగం. ఇరవై ఏళ్ళ తర్వాత రాబోయే జబ్బు కోసం ఈ త్రైమాసికం బడ్జెట్‌లోంచి ఖర్చు పెట్టమని అడగాలి. లాభం కనిపించేనాటికి అడిగినవాళ్ళూ ఇచ్చినవాళ్ళూ ఇద్దరూ ఆ కుర్చీల్లో ఉండరు. ఆలిస్ హామిల్టన్ 1910ల్లో అమెరికా ఫ్యాక్టరీల్లో సీసం విషాన్ని పరిశోధిస్తూ తిరిగినప్పుడు ఆమెకు ఏ గేటు దాటే చట్టపరమైన అధికారమూ లేదు, మాట్లాడి ఒప్పించి లోపలికి వెళ్ళేవారు. 1919లో హార్వర్డ్‌లో చేరిన మొదటి మహిళా అధ్యాపకురాలు అయ్యారు. మాట్లాడి ఒప్పించే ఆ గుణం ఇప్పటికీ సిలబస్‌లో లేదు, ఉద్యోగంలో మాత్రం రోజూ కావాలి. మేనేజరుకు ఒక పేజీలో చెప్పడం, అదే విషయాన్ని కార్మికుడికి అతని మాటల్లో చెప్పడం, ఇద్దరికీ ఒకే నిజం చెప్పడం.

ఆ ఎడం ఎప్పుడూ ఇరవై ఏళ్ళే ఉంటుందనీ లేదు. కృత్రిమ రాతి పలకల్లో సిలికా 90 శాతం పైన ఉండొచ్చు, వాటిని పొడిగా కోసినవాళ్ళకు ముప్పై, నలభై ఏళ్ళ వయసుకే సిలికా ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ వచ్చింది. వరుసగా ఇలాంటి కేసులు బయటపడ్డాక ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయిని నిషేధించింది. మోతాదు పెరిగితే కాలం కుంచించుకుపోతుంది.

ఇక చదువుకునే రోజుల నుంచే అలవాటు చేసుకోవాల్సింది రాసుకోవడం. అమెరికాలో కార్మికుల ఎక్స్‌పోజర్ రికార్డులను, అంటే ఎవరు దేన్ని ఎంత పీల్చారో కొలిచి రాసినవాటిని, కనీసం 30 ఏళ్ళు దాచాలని ఓషా నిబంధన. అంటే ఇవాళ రాసిన ఫీల్డ్ షీటు, ఇప్పుడు ఇరవై ఐదేళ్ళున్న కార్మికుడు యాభై ఐదేళ్ళప్పుడు ఆస్పత్రిలోనో, పరిహారం కేసులోనో అడిగితే ఎవరో తీసి చదువుతారు. అప్పటికి ఆ మిషన్ ఉండదు, గోడలు కూడా ఉండకపోవచ్చు, రాసినవాళ్ళను అడగడానికి వాళ్ళు దొరకరు. 0.031 అన్న అంకె ఒక్కటే ఉంటే దాన్నిబట్టి ఎవరికీ ఏమీ తెలియదు. దాని పక్కనే, 10 గంటల నుంచి 12 దాకా ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగి ఉంది, ఆ రెండు గంటలూ ఇతన్ని వేరే పనికి పంపారు, కోత పని పక్క మనిషి చేశాడు, అతనికి పంపు లేదు, అని చేత్తో రాసిన ముక్క ఉండాలి.